మూడోనాటి పదును

"వచ్చే ఆదివారం పార్టీ వస్తోందమ్మా. ఆలోగా స్థలం బాగుచేయించాలి. నువ్వు కాస్త వస్తావా?" ఫోన్లో నాన్న.

పార్టీ అంటే స్థలం కొనడానికి వచ్చే మనిషి. స్థలం అంటే గాజువాక దాటి అనకాపల్లి వైపు వెళ్తుంటే వచ్చే నిర్వాసిత కాలనీల్లో మా తాతకి వచ్చిన ముక్క. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ దశాబ్దంలో ఫ్యాక్టరీ కోసం భూములిచ్చిన ఊళ్లలో మా ఊరూ ఉంది. ఊరు పోయింది. బదులుగా వచ్చిన స్థలంలో తాత రెండు గదుల పెంకుటిల్లు వేసుకున్నాడు. నాన్నకి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. నేను పుట్టింది, పెరిగింది ఉక్కునగరం క్వార్టర్లో.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ పెంకులన్నిటినీ ఎగరగొట్టేసింది. 2016లో తాత పోయాడు. ఆ తర్వాత అక్కడ మిగిలినవి మొండిగోడలు, ఓ బాదంచెట్టు, బోలెడంత గడ్డి. అమ్మ మోకాళ్ల ఆపరేషన్ ఉంది. హైదరాబాద్‌లో తమ్ముడి ఇంటి అప్పు ఉంది. అందుకే అమ్మకం. ఇందులో ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

జర్నలిజం డిప్లొమా చేసి పత్రికలో చేరాక ఓడరేవు మీద రాశాను. బీచ్‌లో నిలబెట్టిన సబ్‌మెరైన్ మీద రాశాను. అరకు కాఫీ మీద రెండుసార్లు రాశాను. గడ్డి మీద రాయాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు!

మిషన్‌తో మొదలైన కథ

మొదట అందరూ చేసే పనే మేమూ చేశాం. భుజానికి తగిలించుకునే గడ్డి మిషన్ ఉంటుంది కదా, ఆ కుర్రాణ్ని పిలిచాం. చెవులు చిల్లులు పడే మోతతో రెండు గంటల్లో పని ముగించేశాడు. చూడ్డానికి స్థలం అప్పుడే క్షవరం చేయించుకున్న బుర్రలా నున్నగా ఉంది. ఫొటో తీసి తమ్ముడికి పంపాను. "సూపర్ అక్కా" అన్నాడు.

ఆ ఆదివారం పార్టీ రాలేదు. ముహూర్తం బాలేదట. మరో పది రోజులకి వస్తానన్నాడు. ఈలోపు వానలు మొదలయ్యాయి. వెళ్లి చూస్తే ఏముంది? మిషన్ ముఖమే చూడనట్టు ఎప్పటిలాగే పచ్చగా నవ్వుతోంది గడ్డి. సరిహద్దు రాళ్లు నాలుగుంటే ఒక్కటీ కనిపించడం లేదు. రాళ్లు చూపించకుండా స్థలం ఎలా అమ్ముతాం?

"మందు కొట్టేయండి మేడమ్, వారంలో మాడిపోద్ది" అన్నాడు ఎరువుల దుకాణం అతను. ఆయన చెప్పిన మందు గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని 'బహుశా క్యాన్సర్ కలిగించేవి' అనే జాబితాలో చేర్చింది. చీడల నివారణ ఆపరేటర్లు తప్ప వేరేవాళ్లు వాడకూడదని మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఇదంతా నేను ఫోన్లో వెతికి చదువుతుంటే నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"పక్కింటోళ్ల మేకలు ఇక్కడే మేస్తాయమ్మా. మందూ వద్దు, మాకూ వద్దు."

కాసేపాగి మళ్లీ ఆయనే అన్నాడు. "ఇంటికెళ్లాక అటక మీంచి తాత గోనెసంచి దింపు."

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే నాన్న ఆ సంచి ముట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు.

సంచిలో ఏముంది?

విప్పితే అయిదు పనిముట్లు. మట్టి వాసన, తుప్పు వాసన కలిసి గుప్పుమన్నాయి.

మొదటిది గునపం. నిలబెడితే నా భుజం దాకా వచ్చింది. ఒక కొస మొన, ఇంకో కొస ఉలిలా చదును. ఎత్తి పొడవాలనుకుంటే పది నిమిషాల్లో చేతులు పడిపోతాయి. ఎత్తి వదిలేయాలి. మిగతా పని దాని బరువే చూసుకుంటుంది.

రెండోది పార. పలక లోపలికి వంగి ఉంటుంది. ముందుకు నెట్టేది కాదు, మనవైపు లాగేది. నేల తిరగెయ్యడానికి, మట్టి ఎత్తడానికి ఇదే.

మూడోది దోకుడుపార. చూడ్డానికి పార చెల్లెల్లా ఉంటుంది గానీ, పలక వెడల్పు, అంచు పల్చన. లోతుకి దిగదు. నేలమీద దాదాపు పడుకుని జరుగుతుంది. గడ్డినీ, దాని కింద ఉండే అంగుళం మట్టినీ కలిపి చాపలా లేపేస్తుంది. వంటింట్లో అట్లకాడ ఏం చేస్తుందో నేలమీద దోకుడుపార అదే చేస్తుంది. అట్టు కాలకుండా తిప్పితే చిరుగుతుంది, మాడాక తిప్పితే పెనానికి అంటుకుంటుంది. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ చూసుకోవాల్సింది మంట కాదు, తడి.

నాలుగోది బొరిగె. గొంతుక్కూర్చుని ఒంటిచేత్తో కలుపు పెకలించేది. నర్సరీల్లో కుర్పీ అంటున్నారు ఇలాంటిదాన్నే. అయిదోది గడ్డి కొడవలి.

"ఇన్నెందుకు తాతా? ఒక్క పార సాలదేటి?" అని చిన్నప్పుడు అడిగాను. తాత నవ్వి, "మీ యమ్మకి ఒక్క గరిటి సాలద్దేటే గుంటా?" అన్నాడు. నిజమే కదా. పప్పు గుత్తితో అట్టు తిరగెయ్యలేం, అట్లకాడతో పప్పు మెదపలేం.

ఊరికో పార

ఇంటికెళ్లాక దీని మీద కాస్త చదివాను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వేసింది. పూర్తిగా వ్యవసాయ పదాలే. పండితుల్ని కాకుండా పనిచేసేవాళ్లని అడిగి సేకరించిన మాటలవి. మనం గునపం అనేదాన్ని ఒకచోట గడ్డపలుగు అంటారు, ఇంకోచోట గడ్డపార అంటారు. పేరు మారిన చోట తరచూ ఆకారం కూడా కాస్త మారుతుంది. ఎందుకంటే నేల మారింది కాబట్టి.

ఇది మన దగ్గరే కాదు. జపాన్‌లో ఒకురా నగత్సునే అనే ఆయన 1822లో అచ్చంగా వ్యవసాయ పనిముట్ల మీదే పుస్తకం రాశాడు. ఏ ప్రాంతంలో ఎలాంటి పార వాడతారో బొమ్మలు వేసి మరీ చూపించాడు. ఐర్లండ్‌లో బొగ్గులా మండే మట్టిని ఇటుకల్లా కోసి తీయడానికి పక్కన రెక్క ఉన్న ప్రత్యేకమైన పార ఉంది. ఇంగ్లండ్‌లో పూర్వం పచ్చికని పొరలా లేపడానికి తొడలతో నెట్టే నాగలి లాంటి పనిముట్టు వాడేవారు. దెబ్బ తగలకుండా తొడలకి చెక్కలు కట్టుకునేవారట! గడ్డి ముందు అందరం ఒకటేనన్నమాట.

కొలిమి దగ్గర నాన్న

పార అంచు మొండిబారింది. దోకుడుపార కామ వదులైంది. గాజువాక వైపు ఓ కమ్మరి దుకాణం ఉందంటే శుక్రవారం పొద్దున్నే వెళ్లాం. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది గానీ డాకలి, సమ్మెట, పట్టకారు అవే.

కమ్మరి ఆ పలకని అటూ ఇటూ తిప్పి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "లారీ కమాను పట్టీ ఇనుమమ్మా ఇది. కొట్టినోడెవుడో గానీ తెలిసినోడు. ఇప్పుడు షాపుల్లో వచ్చేవి రేకులు. ఇది అలాక్కాదు" అన్నాడు.

అప్పటిదాకా మౌనంగా ఉన్న నాన్న ముందుకు జరిగాడు. ఆయన స్టీల్ మెల్టింగ్ షాపులో పనిచేసి 2020లో రిటైరయ్యాడు. ఉక్కు విషయం వస్తే ఆయన్ని ఆపలేం.

"ఇళ్లకి వాడే కడ్డీల్లో కార్బన్ పావు శాతం అటూ ఇటూ ఉంటుందమ్మా. అది వంగాలి గానీ విరగకూడదు. కమాను పట్టీలో అర శాతం దాటుతుంది. అందుకే ఇది పదును పడుతుంది, అది పట్టదు" అంటూ మొదలెట్టాడు.

కమ్మరి అంచుని ఎర్రగా కాల్చి, సమ్మెటతో పల్చగా సాగదీశాడు. మళ్లీ కాల్చి, అంచు వరకే నీళ్లలో ముంచాడు. సుయ్యిమంది. ఇప్పుడది గాజులా గట్టిపడింది. అలాగే వదిలేస్తే రాయి తగలగానే పెచ్చు ఊడిపోతుంది. అందుకని రాయితో గబగబా అంచుని రుద్ది మెరిపించి, కళ్లు దానికే అప్పగించాడు. పలక వెనక మిగిలిన వేడి మెల్లగా అంచుకి పాకింది. మొదట ఎండుగడ్డి రంగు. తర్వాత గోధుమ రంగు. తర్వాత ఊదా. నీలం మొదలవుతుండగా మళ్లీ నీళ్లలో ముంచేశాడు. 

"ఇంకాస్త ముందు ముంచితే?" అన్నాను.

"కత్తికైతే ముందే ముంచాలి. పారకి అంత కాటిన్యం పనికిరాదమ్మా. రాయి తగిల్తే ఓర్సుకోవాల."

నాన్న ఆ రంగుల్నే చూస్తూ నిలబడ్డాడు. "మేం మీటర్లు చూసి చెప్పేవాళ్లం. ఈయన కంటితో చెప్పేస్తున్నాడు" అన్నాడు బయటికొచ్చాక. "మా నాయన కూడా ఇలాగే చెప్పేవాడు. నేను వినేవాణ్ని కాదు."

వాన పడిన మర్నాడు కాదు

ముందురోజు రాత్రి, అంటే గురువారం రాత్రి, జోరుగా వాన కురిసింది. శనివారం పొద్దున్నే పని మొదలెట్టేద్దామన్నాను నేను. నాన్న వద్దన్నాడు. "మర్నాడు కాదు, రెండోనాడూ కాదు. మూడోనాడు" అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నాను. తాత మాటే అది.

మాది ఎర్ర గరువు నేల. మే నెలలో గునపం వేస్తే ఠంగుమని చేతులు జివ్వుమంటాయి. వాన పడిన మర్నాడు వేస్తే పారకి మట్టి ముద్దలు ముద్దలుగా అతుక్కుంటుంది, తొక్కిన చోటల్లా నేల గట్టిపడుతుంది. రెంటికీ మధ్య ఒకటి రెండు రోజులు ఉంటుంది, అదే పదును. పిడికెడు మట్టి తీసి నొక్కితే ఉండ కట్టాలి. ఆ ఉండని మోకాలి ఎత్తు నుంచి వదిలితే పగిలిపోవాలి. ముద్దలా పడి ఉంటే ఇంకా ఆగాలి. అసలు ఉండే కట్టకపోతే ఆలస్యమైనట్టు.

చూశారా... అంచు పట్టేదీ పదునే, నేలకి వచ్చేదీ పదునే. తెలుగువాళ్లు రెంటికీ ఒకే మాట ఊరికే పెట్టలేదు. మరీ గట్టీ కాదు, మరీ మెత్తనా కాదు. అటు విరగకుండా, ఇటు వంగకుండా ఉండే ఆ మధ్యస్థితి ఇనుముకైనా మట్టికైనా కావాలి. మనుషుల సంగతి తర్వాత చెబుతాను.

గరిక, తుంగ

ఆదివారం ఆరింటికల్లా స్థలంలో ఉన్నాం. నాన్న ఉండ కట్టి వదిలాడు. పగిలింది.

నాకు తెలిసి గడ్డి అంతా ఒకటే. కానీ దగ్గరికెళ్లి చూస్తే రెండు రకాలు ఆ స్థలాన్ని పంచుకుని ఏలుతున్నాయి. ఒకటి గరిక. వినాయకచవితికి జంటలుగా తుంచి పూజచేస్తామే, అదే. రెండోది తుంగ. దాని దుంపలే ఆయుర్వేదం కొట్లో దొరికే తుంగముస్తలు. లెరాయ్ హోమ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1977లో ప్రపంచంలోని అతి మొండి కలుపుమొక్కల మీద పుస్తకం రాశారు. అందులో మొదటి స్థానం తుంగది, రెండో స్థానం గరికది! ఫస్టు ర్యాంకు, సెకండ్ ర్యాంకు రెండూ మా తాత స్థలంలోనే.

మిషన్ ఎందుకు ఓడిపోయిందో అప్పుడర్థమైంది. గరిక నేల మీదా పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. ప్రతి కణుపూ ఒక మొక్కే. పైన కోస్తే దానికి క్షవరం చేసినట్టే, ఇంకా బలంగా వస్తుంది. చక్రాలతో తిరిగే యంత్రంతో ముక్కలు చేస్తే ఒక్క గరిక వందవుతుంది. తుంగ ఇంకా గడుసుది. కింద దుంపలు గొలుసులా ఉంటాయి. పై ఆకు పట్టుకు పీకితే తెగి చేతికొస్తుంది, దుంప లోపలే కూర్చుని నవ్వుకుంటుంది.

అందుకే అయిదు పనిముట్లు. ముందు కొడవలితో ఎత్తుగా ఉన్నదంతా కోసేశాం. తర్వాత గరిక ఉన్న మేర దోకుడుపార. మొదట నేను పట్టాను. గోడకి సున్నం గీకినట్టు గరగరమని గీకుతున్నాను, గడ్డి తెగుతోంది గానీ లేవడం లేదు. నాన్న చూసి చూసి, "ఇటియ్యి" అన్నాడు.

పార చేతికందిన క్షణం ఆయన నడుం దానంతటదే వంగింది. ఎడమ కాలు ముందుకేశాడు. అంచుని నేలకి ఏటవాలుగా ఆన్చి, లాగాడు. సర్రుమంది. చేటంత గడ్డిపొర మట్టితో సహా చాపలా లేచి చుట్టుకుంది. మళ్లీ లాగాడు. మళ్లీ సర్రు. అరవయ్యయిదేళ్ల మనిషి, ఏనాడూ పార పట్టగా చూడని మనిషి, పదేళ్లు ఆ పనే చేసినవాడిలా చెక్కుకుంటూ పోతున్నాడు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదు. చూశాను."

పొరల్ని ఎత్తి, దులిపి, మట్టి కిందే ఉంచి, వేళ్లతో ఉన్న గరికని పక్కింటివాళ్ల సిమెంటు చప్టా మీద ఎండలో పరిచాం. తడినేల మీద కుప్పేస్తే మళ్లీ అంటుకుంటుందట. తుంగ దగ్గర పార వేసి లోతుగా తిరగేసి, బొరిగెతో దుంపలు ఏరాం. ఎండలో బాగా ఎండితేనే అవి చస్తాయి. గంటకి ఒక తట్టెడు. ఎనిమిదింటికి అమ్మ తెచ్చిన ఇడ్లీలు తినడానికి కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు నాన్న.

బండి చప్పుడు

తొంభైల్లో ఉక్కునగరంలో తోటపనికి కూలీలు కావలసి వచ్చారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. టౌన్‌షిప్‌లో పార్కులు వస్తున్న రోజులు. తాతకి అప్పుడు యాభై ఆరో యాభై ఏడో. కొడుకు ఉద్యోగస్థుడు, ఇంట్లో కూర్చోవచ్చు. కానీ కూర్చోలేకపోయాడు. తన పార తీసుకుని ఓ మేస్త్రీ దగ్గర దినకూలీకి చేరాడు. పచ్చిక పరిచే పనిలో ఆయన్ని మించినవాడు లేడట. ఒకచోట పచ్చికని దోకుడుపారతో పలకలుగా లేపి, చిరగకుండా ఇంకోచోట పరిచేవాడు. ఆ పార్కుల్లో ఒకటి తన చోడి గరువుకి ఆనుకున్న చోటే వచ్చింది. 

"తొంభై మూడులో అనుకుంటా" అన్నాడు నాన్న. "బి షిఫ్టుకి స్కూటర్ మీద వెళ్తున్నాను. వెనకాల మా ఇంజినీరు కూర్చున్నాడు. పార్కు పక్కన మీ తాత గడ్డి చెక్కుతున్నాడు. తలకి తువ్వాలు, మోకాళ్ల దాకా మట్టి. బండి చప్పుడుకి తలెత్తాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. నేను... చూడనట్టు వెళ్లిపోయాను."

నేను ఇడ్లీ నమలడం ఆపేశాను.

"ఆ రాత్రి క్వార్టర్‌కి వచ్చాడు. ఏమంటాడోనని చచ్చిపోతున్నాను. వచ్చి, నిన్ను ఒళ్లో కూచోబెట్టుకుని, 'బండి సప్పుడులో నువ్వు సూడ్నేదులే. నానూ గట్టిగా పిలవాల్సింది' అన్నాడు. అంతే. నాకు సాకు కూడా ఆయనే ఇచ్చేశాడు. మర్నాడు మేస్త్రీకి చెప్పి ఆ సెక్టారు నుంచి వేరే చోటికి మార్పించుకున్నాడు."

"తర్వాతెప్పుడైనా ఆయనతో మాట్లాడావా?"

"లేదమ్మా. అదును రాలేదు అనుకుంటూ ఉన్నాను. వచ్చిందేమో, నేనే చూసుకోలేదు. ఈ పారతో కూలికి మట్టిపని చేసి నన్ను ఐటీఐ చదివించాడు. ఆ పారనే చూసి నేను నామోషీ పడ్డాను."

హుద్‌హుద్ మర్నాడు జరిగిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. కాలనీ సందుకి అడ్డంగా చెట్లు పడిపోయాయి. కరెంటు లేదు. పొక్లెయినర్లన్నీ పెద్ద రోడ్ల మీదే ఉన్నాయి. డెబ్భై ఎనిమిదేళ్ల తాత ఈ గోనెసంచి విప్పి కుర్రాళ్లకి తలోటీ ఇచ్చాడు. గునపం ఎక్కడ పెట్టి ఎత్తితే మాను దొర్లుతుందో అరుగు మీద కూర్చుని చెప్పాడు. సాయంత్రానికి సందు తెరుచుకుంది. తన ఇంటి మీద పెంకు లేదన్న సంగతి ఆయనకి ఆ తర్వాత గుర్తొచ్చినట్టుంది. ఆ వారం మేం ఆయన్ని క్వార్టర్‌కి తెచ్చేసుకున్నాం. సంచి కూడా వచ్చింది. నాన్నే మోసుకొచ్చి అటక మీద పెట్టాడు. అయితే ఆ సంచి ఆయన ముట్టుకోగా నేను చూడలేదన్న మాట తప్పే. ఒక్కసారి ముట్టుకున్నాడు.

నాలుగో రాయి

పదకొండింటికి మూడు రాళ్లు దొరికాయి. నాలుగోది దొరకలేదు. ఈశాన్యం మూల గరిక మరీ దట్టంగా ఉంది. నాన్న గునపం తీసుకుని ఎత్తి వదులుతూ, ఒక్కో జానెడూ జరుగుతూ వెళ్లాడు. ధబ్... ధబ్... ధబ్... ఠంగ్!

గడ్డిపొర లేపితే కింద రాయి. తలమీద తాత వేసుకున్న పసుపు రంగు గుర్తు ఇంకా అక్కడక్కడా ఉంది. నాన్న దాని పక్కనే కూలబడి అరచేత్తో మట్టి తుడిచాడు. చాలాసేపు తుడుస్తూనే ఉన్నాడు. నేను అటు తిరిగి తుంగ దుంపలు ఏరుకున్నాను.

పార్టీ సాయంత్రం వచ్చాడు. మంచివాడే. నాలుగు రాళ్లూ చూశాడు, కొలుచుకున్నాడు, బేరం కుదిరింది. వెళ్తూ వెళ్తూ గోడకి ఆన్చి ఉన్న పనిముట్లు చూసి, "ఇవి కూడా ఇచ్చేస్తారా అంకుల్? వాచ్‌మన్‌కి పనికొస్తాయి" అన్నాడు.

"అవి స్థలంతో రావండీ" అన్నాడు నాన్న.

"ఫ్లాటులో ఏం చేసుకుంటారు వాటిని? ఇంకా ఆ పార పట్టుకు వేలాడతారా?" అని అమ్మ దారిపొడుగునా సణుగుతూనే ఉంది. నాకు ఓ కథ గుర్తొచ్చింది. తొట్లకొండ, బావికొండల మీద ఫీచర్ రాసినప్పుడు బౌద్ధ జాతక కథలు కొన్ని చదివాను. అందులో కుద్దాల జాతకం ఒకటి. కుద్దాలం అంటే పార. ఓ తోటమాలి తన మొండిపారతో నేల చదునుచేసి కూరలు, గుమ్మడి, దోస పండించుకుని బతికేవాడు. అన్నీ వదిలి సన్యాసం తీసుకున్నాడు. కానీ పార గుర్తొచ్చి వెనక్కి వచ్చేశాడు. ఇలా ఆరుసార్లు జరిగింది. ఏడోసారి నది ఒడ్డున నిలబడి, ఎక్కడ పడిందో కనపడితే మళ్లీ వెతుక్కుంటానేమోనని, కళ్లు గట్టిగా మూసుకుని దాన్ని నీళ్లలోకి విసిరేశాడు. గెలిచానని కేకపెట్టాడు.

ఆ మాలి వదిలేసి గెలిచాడు. నాన్న ముందే ఒకసారి వదిలేశాడు. ఆయనకి తిరిగి పట్టుకోవడమే గెలుపేమోనని నాకనిపించింది. ఆ మాట పైకి అనలేదు. నాన్న కూడా ఏమీ అనలేదు. ఇంటికెళ్లగానే పలకలకి అంటుకున్న మట్టి గీకి, కడిగి, తుడిచి, పాత ఇంజినాయిలు రాశాడు. తడి తగలకుండా బాల్కనీలో గోడకి వరసగా నిలబెట్టాడు. సంచిలో మాత్రం పెట్టలేదు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. అమ్మ ఆపరేషన్ అయింది, నడుస్తోంది. 

నాన్నావాళ్ల అపార్ట్‌మెంట్ కూర్మన్నపాలెంలో. ప్రహరీ పక్కన గడ్డి మేటవేసిన కాస్త జాగా ఉంది. మొన్న సెలవుకి వెళ్లేసరికి ఆయన అక్కడ దోకుడుపారతో ఉన్నాడు. తలకి తువ్వాలు, మోకాళ్ల దాకా మట్టి. వాన పడి మూడోనాడు. బాల్కనీల్లోంచి నలుగురు చూస్తున్నారు. రోడ్డు మీద స్కూటర్ చప్పుడైంది. ఆయనతో పాటు ఒకే షాపులో పనిచేసి రిటైరైన స్నేహితుడు, వెనకాల మనవణ్ని కూర్చోబెట్టుకుని వస్తున్నాడు. ఆయనింకా ఇటు చూడలేదు.

నాన్నే ముందు చెయ్యెత్తాడు. పార పట్టుకున్న చెయ్యే. చప్పుడులో వినపడదేమోనని, గట్టిగా పేరు పెట్టి పిలిచాడు కూడా.